ఇంటీజర్ బఫర్ మీద బ్లెండింగ్: డ్రైవర్‌లో ఎక్కడ ఆపాలి, యాప్‌లో దేనితో పని కానివ్వాలి

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. ఓ సాయంత్రం ఆరు దాటాక కింద చాయ్ తాగుతుంటే, టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే వచ్చాడు.

"అన్నా, బ్లెండ్ ఆన్ చేసిన. ఏం అయితలేదు. ఎర్రర్ గూడ ఇస్తలేదు."

"ఫార్మాట్ ఏంది?"

"ఆర్‌జీబీఏ8యూఐ."

"అయితే డ్రైవర్ మంచిగనే ఉంది," అన్నాను. నేను తప్పించుకుంటున్నానని అనుకున్నాడు. తప్పించుకోవడం కాదు. యాప్‌లు గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకునే ప్రమాణమైన ఓపెన్ జీఎల్ స్పెసిఫికేషన్ చెప్పేదే అది: కలర్ బఫర్ (గీసిన పిక్సెళ్ళ విలువలు ఉండే మెమరీ) ఫిక్స్‌డ్ పాయింట్‌దో ఫ్లోట్‌దో అయితేనే బ్లెండింగ్, అంటే కొత్త రంగుని అక్కడున్న రంగుతో కలపడం, జరుగుతుంది. ఆర్‌జీబీఏ8యూఐ లాంటి ఇంటీజర్ ఫార్మాట్ (పూర్ణసంఖ్యల్ని అలాగే దాచేది) అయితే ఆ అంచె దాటేసి తర్వాతి పనికి వెళ్ళాలి. ఎర్రర్ ఇవ్వకూడదు, హెచ్చరించాల్సిన పనీ లేదు. 2008లో ఓపెన్ జీఎల్ 3.0తో ఇంటీజర్ టెక్స్చర్లు ప్రధాన స్పెసిఫికేషన్‌లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే రూలు.

రూలు చిన్నదే. దాన్ని డ్రైవర్‌లో (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చిన్న విషయం కాదు. నాలుగు దారులున్నాయి, ఓపెన్ జీఎల్‌లో వాటిలో మూడే చెల్లుతాయి, కానీ తర్వాత వచ్చే తలనొప్పులు నాలుగు రకాలు. ఇక యాప్ రాసేవాళ్ళకు వేరే ప్రశ్న: బ్లెండింగ్ లేదంటే, దాంతో చేయాలనుకున్న పని ఇప్పుడు దేనితో చేయాలి? ఈ రెండూ వేర్వేరు ఎంపికలు. డ్రైవర్ సంగతి ముందు చెబుతాను, యాప్‌ల వాళ్ళు సగం దాకా దాటేసి చదువుకోవచ్చు.

అసలు ఎందుకు కుదరదు

ఒక్క పిక్సెల్, అందులో ఒక్క ఛానెల్ తీసుకుందాం. బఫర్‌లో ఇప్పటికే 100 ఉంది. కొత్తగా వస్తున్న రంగు 200, ఆల్ఫా (రంగు ఎంత దట్టంగా పడాలో చెప్పే విలువ) 128. మామూలు ఆర్‌జీబీఏ8 బఫర్‌లో 255 అంటే 1.0 అని అర్థం. కాబట్టి 128 అంటే దాదాపు సగం. లెక్క ఇలా నడుస్తుంది: 200ని 128తో, 100ని 127తో గుణించి, కలిపి, 255తో భాగిస్తే 150 చిల్లర. బఫర్‌లో 150 పడుతుంది. కంటికి సరిగ్గా మధ్య రంగు.

అదే లెక్క ఆర్‌జీబీఏ8యూఐలో చేయండి. ఇక్కడ 128 అంటే నూట ఇరవై ఎనిమిదే, సగం కాదు. 'ఒకటి మైనస్ ఆల్ఫా' అంటే 1 నుంచి 128 తీసేయాలి, మైనస్ 127 వస్తుంది. 200ని 128తో గుణిస్తే 25,600. 100ని మైనస్ 127తో గుణిస్తే మైనస్ 12,700. రెండూ కలిపితే 12,900. ఎనిమిది బిట్లలో ఇది పట్టదు. 255 దగ్గర ఆపేస్తే తెల్లగా మెరుస్తుంది. పైబిట్లు కోసేస్తే ఎంత మిగులుతుందో తెలుసా? సరిగ్గా 100. అంటే అసలు ఏమీ గీయనట్టే ఉంటుంది! ఈ లెక్క మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. బగ్ వెతికే మనిషిని తప్పుదారి పట్టించడానికే ఎవరో ఎంచినట్టుంది ఆ సంఖ్య.

కాబట్టి ఇది హార్డ్‌వేర్ వాళ్ళ బద్ధకం కాదు. బ్లెండ్ సూత్రంలోని 'ఒకటి' అనే మాటకు ఇంటీజర్ బఫర్‌లో పనికొచ్చే అర్థం లేదు.

ఇంకో వైపు నుంచి చూస్తే కలపకపోవడమే మేలు. పాతబస్తీ మ్యాప్ గీస్తున్నారు. ఎవరైనా ఒక భవనం మీద వేలు పెడితే అదేదో చెప్పాలి. అందుకోసం తెర వెనక ఇంకో బఫర్‌లో రంగుకు బదులు ప్రతి భవనం నంబరూ రాస్తారు. చార్మినార్ 41, మక్కా మసీదు 43 అనుకోండి. అంచు దగ్గర ఈ రెండూ సగం సగం కలిస్తే 42 వస్తుంది. అది లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం నంబరు అయితే? వేలు పెట్టింది చార్మినార్ మీద, తెరుచుకునేది గాజుల దుకాణం పేజీ. నంబర్లకు సగటు ఉండదు. అందుకే మల్టీశాంపుల్ బఫర్‌ని (పిక్సెల్‌కి అనేక శాంపుళ్ళు ఉండేదాన్ని) మామూలు బఫర్‌లోకి దించేటప్పుడు కూడా ఇంటీజర్ ఫార్మాట్ అయితే సగటు తీయరు, ఏదో ఒక శాంపుల్ విలువనే తీసుకుంటారు. రెండు రూళ్ళ వెనకా ఉన్న ఆలోచన ఒకటే.

డ్రైవర్ రాసేవాళ్ళ ఎంపికలు

మొదటిది, స్టేట్‌ని హార్డ్‌వేర్‌కి పంపే క్షణంలో ఆపేయడం. యూజర్ బ్లెండ్ ఆన్ చేశాడు, సరే, అది అలాగే ఉంటుంది. డ్రా కాల్ వచ్చినప్పుడు, ఇప్పుడు కట్టి ఉన్న ఫ్రేమ్‌బఫర్‌లో ఏ అటాచ్‌మెంట్లు (అందులో చేర్చిన బఫర్లు, వీటినే టార్గెట్లు అనీ అంటాం) ఇంటీజర్ రకమో చూసి, వాటికి మాత్రం హార్డ్‌వేర్ రిజిస్టర్‌లో బ్లెండ్ ఆఫ్ అని రాస్తాం. ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయమైన మెసాలో చేసేది ఇదే. ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్టులోనే ఏయే అటాచ్‌మెంట్లు ఇంటీజరో చెప్పే ఒక బిట్‌మాస్క్ ఉంటుంది. బ్లెండ్ స్టేట్ తయారు చేసే కోడ్ దాన్ని చూసి ఆ టార్గెట్లను దాటేస్తుంది.

నా ఓటు దీనికే. కానీ దీన్ని సగమే చేస్తే ఏమవుతుందో నా చేతులారా చూశాను కాబట్టి అది చెప్పి తీరాలి.

కొన్నేళ్ళ కింద, వేరే చోట పనిచేస్తున్నప్పుడు, ఇదే రూలుని నేను తొందరలో రాశాను. ఫ్రేమ్‌బఫర్ కట్టే ఫంక్షన్‌లోనే 'ఇంటీజర్ అయితే బ్లెండ్ ఆఫ్' అని కాంటెక్స్ట్‌లోని యూజర్ ఫ్లాగ్‌నే మార్చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. నాలుగు రోజులకు ఒక మ్యాప్ యాప్‌లో ఊరి పేర్ల చుట్టూ నల్ల డబ్బాలు వస్తున్నాయని కంప్లైంట్. ఆ యాప్ ముందు నంబర్ల బఫర్‌లో గీసి, తర్వాత మామూలు తెరకి మారి అక్షరాలు గీసేది. బ్లెండ్ మాత్రం ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారే ఆన్ చేసి వదిలేసింది. నేను ఆపిన ఫ్లాగ్‌ని తిరిగి ఎవరూ ఆన్ చేయలేదు. అక్షరం చుట్టూ పారదర్శకంగా ఉండాల్సిన చదరం నల్లగా పడింది. రెండు రాత్రులు టెన్షన్ పడి వెతికాను. తప్పు ఒక్క లైనుది.

యూజర్ పెట్టిన స్టేట్ యూజర్‌దే, దాని జోలికి వెళ్ళొద్దు. మీరు మార్చాల్సింది దానికీ ఫ్రేమ్‌బఫర్‌కీ కలిపి లెక్కగట్టిన మూడో విలువని. ఆ మూడో విలువ ఎప్పుడు పాతబడుతుంది? బ్లెండ్ సెట్టింగ్ మారినప్పుడు, ఫ్రేమ్‌బఫర్ మారినప్పుడు, అదే ఫ్రేమ్‌బఫర్‌లో అటాచ్‌మెంట్ మారినప్పుడు. చాలామంది మొదటిది గుర్తుపెట్టుకుంటారు, మిగతా రెండూ మర్చిపోతారు. మెసాలో బఫర్లు మారాయన్న ఫ్లాగ్ పడగానే బ్లెండ్ స్టేట్‌ని కూడా మళ్ళీ కట్టాల్సిన వాటి జాబితాలో చేరుస్తారు. మీ డ్రైవర్‌లో ఆ గొలుసు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఈ దారిలో ఇంకో మెలిక ఉంది. ఒకేసారి రెండు టార్గెట్లలోకి గీయడం ఇప్పుడు మామూలే: సున్నాలో రంగు, ఒకటిలో భవనం నంబరు. రంగుకి బ్లెండ్ కావాలి, నంబరుకి వద్దు. యాప్ మాత్రం 'బ్లెండ్ ఆన్' అని అన్నిటికీ కలిపి ఒక్కసారే చెప్పింది. అంటే యాప్ విడివిడి బ్లెండ్ అడగకపోయినా, లోపల డ్రైవర్ ఒక్కో టార్గెట్‌కి వేరే స్టేట్ పంపాలి. ఓపెన్ జీఎల్ ఈఎస్ 3.0లో టార్గెట్‌కి ఒక బ్లెండ్ స్విచ్ లేనే లేదు, అయినా ఈ మిశ్రమం చెల్లుతుంది. 'అన్ని టార్గెట్లకీ ఒకే సెట్టింగ్' అనే షార్ట్‌కట్ మీ కోడ్‌లో ఉంటే, అది ఇక్కడే తెగుతుంది. ఆ షార్ట్‌కట్ తీసుకునే ముందు 'టార్గెట్లలో కొన్ని ఇంటీజర్, కొన్ని కావు' అన్న షరతు ఒకటి చేర్చాలి.

రెండోది, హార్డ్‌వేర్‌కే వదిలేయడం. కొన్ని చిప్‌లలో ఇది ఫార్మాట్‌తో పాటే వస్తుంది. ఏఎమ్‌డీ రేడియాన్ చిప్‌ల కలర్ బఫర్ వివరాల రిజిస్టర్‌లో బ్లెండ్ బైపాస్ అని ఒక బిట్ ఉంది. మెసాలోని రేడియాన్ డ్రైవర్ సర్ఫేస్‌ని సిద్ధం చేసేటప్పుడే, నంబర్ టైపు ఇంటీజర్ అయితే ఆ బిట్ పెట్టి, విలువల్ని హద్దులో ఆపే క్లాంప్ బిట్ తీసేస్తుంది. ఫార్మాట్ మారితే రిజిస్టర్ ఎలాగూ మారుతుంది కాబట్టి, నేను చేసిన లాంటి తప్పుకి ఇక్కడ చోటే లేదు. వినడానికి హాయిగా ఉంది కదా. చిక్కేమిటంటే, 'బ్లెండ్ ఆన్' అన్న ఫ్లాగ్‌ని నమ్మి డ్రైవర్‌లో ఇంకా చాలా చోట్ల నిర్ణయాలు జరుగుతుంటాయి: పాత పిక్సెల్ చదవాలా, షేడర్ (చిప్ మీద నడుస్తూ పిక్సెల్ విలువ లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం) అవుట్‌పుట్ ఏ రూపంలో పంపాలి, ఈ డ్రా వెనకున్న దాన్ని పూర్తిగా కప్పేస్తుందా. చిప్ బ్లెండ్ చేయకపోయినా ఈ కోడ్ చేస్తుందనే అనుకుంటుంది. అందుకే హార్డ్‌వేర్ బిట్ ఉన్నా, మొదటి దారిలోని మాస్క్ కూడా పెట్టడం నాకిష్టం. ఇంటికి గేటూ తలుపూ రెండూ ఉంటే నష్టం లేదు.

మూడోది, బ్లెండింగ్ షేడర్‌లోనే చేసే చిప్‌ల సంగతి. ఆపిల్ జీపీయూలో విడిగా బ్లెండ్ యూనిట్ లేదు, ఫ్రాగ్మెంట్ షేడర్ చివర్లో ఆ లెక్క కలుపుతారు. మాలీలో కొన్ని ఫార్మాట్లకు హార్డ్‌వేర్ బ్లెండ్ ఉంటుంది, మిగతా వాటికి బ్లెండ్ షేడర్ అని చిన్న ప్రోగ్రాం తయారు చేయాలి. మెసాలో ఈ పనికి అందరూ వాడుకునే ఒక కంపైలర్ పాస్ ఉంది. టార్గెట్ ఫార్మాట్ శుద్ధ ఇంటీజర్ అయితే అది బ్లెండ్ లెక్కే పుట్టించదు. ఇక్కడ ప్రమాదం వేరే: షేడర్ ఏ ఫార్మాట్ కోసం తయారైందన్నది దాని కీలో (తయారైన షేడర్‌ని మళ్ళీ వెతికి తీసే గుర్తులో) ఉండాలి. లేకపోతే ఆర్‌జీబీఏ8 కోసం కట్టిన షేడర్ ఆర్‌జీబీఏ8యూఐ మీద నడుస్తుంది. సరే, కీలో ఫార్మాట్‌ని యథాతథంగా పెట్టేస్తే? ఒక్కో ఫార్మాట్‌కి ఒక్కో షేడర్ తయారై, ఆట మధ్యలో తెర ఆగి ఆగి నడుస్తుంది. కీని కట్టే ముందు కుదించండి. టార్గెట్ ఇంటీజర్ అయితే బ్లెండ్ ఫ్యాక్టర్లన్నీ సున్నా చేసి ఒకే రూపానికి తెండి. అప్పుడు యూజర్ ఎన్ని బ్లెండ్ మోడ్‌లు మార్చినా ఇంటీజర్ టార్గెట్‌కి ఒకే షేడర్ సరిపోతుంది.

నాలుగోది, తప్పని చెప్పి వెనక్కి పంపడం. ఓపెన్ జీఎల్‌లో ఈ స్వేచ్ఛ మీకు లేదు. బ్రౌజర్లలో వాడే వెబ్‌జీపీయూలో మాత్రం వెనక్కి పంపడమే రూలు: బ్లెండ్ కుదరని ఫార్మాట్‌కి బ్లెండ్ అడిగితే పైప్‌లైన్ తయారీ దగ్గరే ఎర్రర్. 2016లో వచ్చిన మరో గ్రాఫిక్స్ ప్రమాణం వల్కన్ మధ్యస్తంగా ఉంటుంది. ఫార్మాట్‌కి బ్లెండ్ ఫీచర్ బిట్ లేకపోతే యాప్ బ్లెండ్ ఆన్ చేయకూడదు, అంతే. డ్రైవర్ చూడాల్సిన పని లేదు. యాప్ తప్పుల్ని పట్టే వాలిడేషన్ లేయర్ ఆన్ చేసి ఉంటే అది చెబుతుంది, లేకపోతే ఏమైనా జరగొచ్చు. 'ఏమైనా' అంటే ఒక చిప్ మీద బాగానే నడిచి, ఇంకో చిప్ మీద చెత్త గీసి, మూడోదాని మీద జీపీయూ ఉరేసుకోవడం కూడా.

ఈ రెండు ప్రపంచాల మధ్య వంతెనలా ఉండే జింక్, యాంగిల్ లాంటి వాటికి అందుకే పని ఎక్కువ. పైన జీఎల్ యాప్ 'బ్లెండ్ ఆన్, ఇంటీజర్ బఫర్' అంటుంది, అది చెల్లుతుంది. కింద వల్కన్‌కి అదే మాట చెబితే నేరం. మధ్యలో వాళ్ళే ఆపాలి. పైగా రంగు, నంబరు కలిసిన మిశ్రమం వస్తే టార్గెట్‌కి వేరే బ్లెండ్ కావాలి. వల్కన్‌లో అది కూడా ఐచ్ఛిక ఫీచరే. ఆ ఫీచర్ లేని చిప్‌లో అన్ని అటాచ్‌మెంట్ల బ్లెండ్ వివరాలూ ఒకేలా ఉండి తీరాలి. అప్పుడు డ్రాని రెండుసార్లు చేయడం లాంటి అడ్డదారులే గతి.

ఏ దారి పట్టినా చెడగొట్టకూడనివి కొన్ని ఉన్నాయి. లాజిక్ ఆప్‌లు (కొత్త, పాత విలువల్ని బిట్లవారీగా కలిపేవి) ఇంటీజర్ బఫర్ల మీద పనిచేస్తాయి, ఎక్స్‌ఓఆర్ లాంటివి అక్కడే బాగా అర్థవంతం కూడా. 'ఇంటీజర్ కాబట్టి ఆ చివరి యూనిట్ మొత్తం ఆఫ్' అని కొట్టేస్తే అవి పోతాయి. కలర్ రైట్ మాస్క్ కూడా ఎప్పటిలాగే పనిచేయాలి. ఆల్ఫా టు కవరేజ్ (ఆల్ఫాని బట్టి పిక్సెల్‌లో ఎన్ని శాంపుళ్ళు నిండాలో తేల్చేది) మాత్రం విచిత్రం: ఎన్ని టార్గెట్లున్నా సున్నా నంబరు బఫర్ ఇంటీజరా కాదా అన్నదే చూస్తారు. ఇంటీజర్ అయితే ఆ పని జరగదు. బ్లెండ్ కోసం రాసిన టార్గెట్‌వారీ కోడ్‌ని కాపీ కొట్టి దీనికీ పెడితే తప్పవుతుంది.

యాప్ రాసేవాళ్ళ ఎంపికలు

నా దగ్గరికి వచ్చిన ఆ కుర్రాడిలాంటి వాళ్ళలో ఎక్కువ మందికి అసలు ఇంటీజర్ బఫరే అక్కర్లేదు. '0 నుంచి 255 దాకా విలువలు' అనుకుని యూఐ ఫార్మాట్ పెట్టేస్తారు. కావాల్సింది రంగే అయితే ఆర్‌జీబీఏ8 పెట్టండి, కథ ముగిసింది. మెమరీ అంతే, బిట్లు అవే, వాటిని 0 నుంచి 1 దాకా చదువుతుంది, బ్లెండింగ్ పనిచేస్తుంది. ఇంకాస్త నాణ్యత కావాలంటే పది బిట్ల ఫార్మాట్, లేదా ఆర్‌జీబీఏ16ఎఫ్. షేడర్‌లో అవుట్‌పుట్ రకాన్ని కూడా వెనక్కి వెక్4కి (నాలుగు ఫ్లోట్ల రకానికి) మార్చడం మర్చిపోకండి, రకం కలవకపోతే ఫలితం నిర్వచితం కాదు.

కావాల్సింది నంబరే అయితే, పైన చెప్పిన భవనాల సంగతిలా, ఇంటీజర్ బఫరే సరైనది. బ్లెండ్ గురించి మర్చిపోండి. సగం పారదర్శకంగా ఉన్న గాజు మీద వేలు పెడితే గాజు నంబరు రావాలా, వెనకున్నదా? అది మీరు నిర్ణయించుకుని, అక్కర్లేని పిక్సెల్‌ని షేడర్‌లో డిస్కార్డ్ చేయండి. తుడిచేటప్పుడు మామూలు క్లియర్ వాడొద్దు, ఇంటీజర్ బఫర్ మీద దాని ఫలితం నిర్వచితం కాదు. అన్‌సైన్డ్ ఇంటీజర్ విలువలు తీసుకునే క్లియర్ బఫర్ కాల్ వాడాలి.

అసలు తర్జనభర్జన మూడో రకం వాళ్ళకే: లెక్కపెట్టేవాళ్ళకి. ఒక పిక్సెల్ మీద ఎన్నిసార్లు ఏదో పడింది అన్న లెక్క. ఇక్కడ నా సొంత కథ ఒకటి.

నేను టోలిచౌకీ నుంచి గచ్చిబౌలికి బైక్ మీద తిరిగిన రోజుల్లో, ఫోన్‌లో సెకనుకి ఒక జీపీఎస్ చుక్క రికార్డు చేసేవాణ్ణి. కొన్ని నెలల చుక్కలన్నీ ఒక మ్యాప్ మీద గీసి, ఎక్కడ ఎంతసేపు ఆగానో రంగుల్లో చూద్దామనుకున్నా. ఆర్16ఎఫ్ బఫర్, కూడే బ్లెండ్, ఒక్కో చుక్కకి ఒకటి. అరగంటలో అయిపోయింది. చూస్తే బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నలూ, మా ఆఫీసు పార్కింగూ ఒకే మెరుపుతో ఉన్నాయి. ఆ సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగుతాం, ఒప్పుకుంటాను. కానీ ఫోన్ ఆపడం మర్చిపోయి రోజంతా బండిలో వదిలేసిన పార్కింగ్‌తో సమానంగానా?

విలువలు చదివి చూస్తే రెండు చోట్లా 2048. పదహారు బిట్ల ఫ్లోట్‌లో పదకొండు బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది. 2048 దాటాక పక్క విలువ 2050. 2048కి ఒకటి కలిపితే వచ్చే 2049కి చోటు లేదు, సరి వైపుకి సర్దుకుని మళ్ళీ 2048 అవుతుంది. ఎన్ని లక్షల చుక్కలు వేసినా అక్కడే. 2048 సెకన్లంటే ముప్ఫై నాలుగు నిమిషాలు. ఆ సిగ్నల్ దగ్గర ముప్ఫై నాలుగు నిమిషాలు కూడబెట్టడానికి రెండు వారాలు చాలు.

దీని నుంచి బయటపడటానికి రెండు దారులు. ఒకటి ఆర్32ఎఫ్, అదే కూడే బ్లెండ్. ఇందులో 1,67,77,216 దాకా ప్రతి పూర్ణసంఖ్యా సరిగ్గా ఉంటుంది. కోటీ అరవై ఏడు లక్షల సెకన్లంటే ఆర్నెల్లకు పైనే, నాకు చాలు. కోడ్‌లో ఒక్క మాట మారితే అయిపోయింది. కానీ ఫోన్లలో జాగ్రత్త. ముప్ఫై రెండు బిట్ల ఫ్లోట్ మీద బ్లెండింగ్ ఓపెన్ జీఎల్ ఈఎస్‌లోనూ వెబ్‌జీఎల్‌లోనూ వేరే ఎక్స్‌టెన్షన్. వల్కన్‌లో ఆర్32ఎఫ్‌లోకి గీయగలగడం తప్పనిసరి, దాని మీద బ్లెండ్ చేయగలగడం తప్పనిసరి కాదు. అడిగి చూసుకుని వాడాలి.

రెండోది ఇంటీజర్ దారి: ఆర్32యూఐ ఇమేజ్, షేడర్ నుంచి అటామిక్ యాడ్ (మధ్యలో ఇంకెవరూ దూరకుండా కూడటం). ఇది బ్లెండ్ యూనిట్‌తో పనే లేకుండా నేరుగా మెమరీలో కూడుతుంది. డెస్క్‌టాప్‌లో ఓపెన్ జీఎల్ 4.2 నుంచి, ఫోన్లలో ఈఎస్ 3.2 నుంచి ఇది ప్రధాన భాగం. వల్కన్‌లో ఈ ఫార్మాట్ మీద అటామిక్స్ తప్పనిసరి, ఫ్రాగ్మెంట్ షేడర్ నుంచి చేయాలంటే మాత్రం ఒక ఫీచర్ అడగాలి. లెక్క నాలుగు వందల కోట్లు దాటే దాకా ఖచ్చితంగా ఉంటుంది. చెల్లించాల్సిన ధర రెండు రకాలు. ఒకే పిక్సెల్ మీద వేల చుక్కలు పడితే అన్నీ ఒకే చిరునామా కోసం క్యూ కడతాయి. నా పార్కింగ్ పిక్సెల్ అలాంటిదే, దాని దగ్గర జీపీయూ కూడా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఇక తర్వాత ఆ ఇమేజ్‌ని చదివే ముందు, రాతలన్నీ చేరేలా చూసే మెమరీ బ్యారియర్ పెట్టాలి. పెట్టకపోతే మీ కార్డు మీద బాగుంటుంది, పక్కవాడి కార్డు మీద పాత విలువలు వస్తాయి.

డెస్క్‌టాప్‌లో నేనైతే ఆర్32ఎఫ్‌తో మొదలుపెడతాను, డబ్బులో ఓట్లో లెక్కపెట్టాల్సి వస్తేనే అటామిక్స్‌కి వెళ్తాను. ఫోన్‌లో చుక్కల సాంద్రత తక్కువుంటే నేరుగా అటామిక్స్. 2048 దాటదని గ్యారంటీ ఉంటే ఆర్16ఎఫ్‌కి ఎదురు లేదు, దాని మీద బ్లెండింగ్ దాదాపు ఎక్కడైనా ఉంటుంది.

ఇవేవీ కాదు, ఇంటీజర్ విలువల మీద నా సొంత సూత్రంతోనే కలపాలి అంటారా? అలాంటి వాళ్ళూ ఉన్నారు: ప్యాక్ చేసిన రంగులు, గరిష్ఠ విలువ నిలుపుకోవడం, బిట్లవారీ పనులు. గరిష్ఠం, కనిష్ఠం, ఆర్, ఎక్స్‌ఓఆర్ అయితే అటామిక్స్‌లోనే ఉన్నాయి. అంతకంటే క్లిష్టమైతే పాత విలువ చదివి, లెక్కగట్టి, రాయాలి. మధ్యలో ఇంకెవరూ దూరకూడదు. ఫోన్ జీపీయూల్లో ఫ్రేమ్‌బఫర్ ఫెచ్ ఉంటే అదే రాజమార్గం. పిక్సెల్ అప్పటికే చిప్ లోపలి టైల్ మెమరీలో ఉంటుంది, షేడర్ దాన్ని ఇన్‌అవుట్ వేరియబుల్‌గా చదివి రాస్తుంది, ఇంటీజర్ రకాలకూ పనిచేస్తుంది. డెస్క్‌టాప్‌లో దానికి బదులు ఫ్రాగ్మెంట్ షేడర్ ఇంటర్‌లాక్ ఉంది. వరస తప్పకుండా చూస్తుంది కానీ అన్ని డ్రైవర్లూ ఇవ్వవు, ఒకదాని మీద ఒకటి ఎక్కువ పడే చోట నెమ్మదిస్తుంది. రెండూ లేకపోతే రెండు బఫర్లు పెట్టుకుని ఒకదాన్ని చదువుతూ ఇంకోదానిలోకి రాయడమే. పొరలు నాలుగైదు ఉన్నంత వరకు పర్లేదు, వందలుంటే వద్దు.

ఈ దారిలో ఎనిమిది బిట్ల విలువల్ని కలిపేవాళ్ళకు ఒక చిట్కా. 255తో భాగించడానికి బదులు 256తో భాగించినట్టు ఎనిమిది బిట్లు కుడికి షిఫ్ట్ చేసేస్తుంటారు, తెలుపు మీద తెలుపు కలిపినా ఒక మెట్టు తగ్గుతుంది. మొత్తానికి 128 కలిపి, వచ్చినదానికి దాన్నే ఎనిమిది బిట్లు జరిపిన విలువ కలిపి, అప్పుడు ఎనిమిది బిట్లు జరపండి. మన పాత లెక్క 38,300తో చేసి చూడండి, సరిగ్గా 150 వస్తుంది.

పరీక్షించేటప్పుడు

ఆ కుర్రాడికి ఆ సాయంత్రం రాయించిన టెస్ట్ చిన్నదే. రెండు అటాచ్‌మెంట్ల ఫ్రేమ్‌బఫర్, సున్నాలో ఆర్‌జీబీఏ8, ఒకటిలో ఆర్‌జీబీఏ8యూఐ. రెండిట్లోనూ ముందు 100 నింపాలి. బ్లెండ్ ఒక్కసారి ఆన్ చేసి 200ని ఆల్ఫా 128తో గీయాలి. మొదటిదానిలో 150, రెండోదానిలో 200 రావాలి. రెండోదానిలో 255 వచ్చినా 100 వచ్చినా చిప్ ఇంటీజర్ మీద బ్లెండ్ చేసేస్తోందన్నమాట. తర్వాత అటాచ్‌మెంట్లని అటూ ఇటూ మార్చి మళ్ళీ గీయాలి, బ్లెండ్ సెట్టింగ్‌ని ముట్టుకోకుండా. ఎక్స్‌ఓఆర్ లాజిక్ ఆప్‌తో ఇంకోసారి. చివరగా ఇంటీజర్ బఫర్ వదిలేసి మామూలు తెరకి మారి, అప్పుడు కూడా బ్లెండ్ ముట్టుకోకుండా, ఒక అక్షరం గీసి దాని చుట్టూ నల్ల డబ్బా వచ్చిందేమో చూడాలి.

"ఈ లాస్ట్‌ది ఎందుకన్నా? ఇది ఇంటీజర్ బఫర్ గూడ కాదు కద," అన్నాడు.

"రాయి, చెప్త," అన్నాను. చాయ్ చల్లారిపోయింది. ఇంకో రెండు చెప్పి, నల్ల డబ్బాల సంగతి మొదలుపెట్టాను.